పాత పద్మిని డోర్ ప్యానెళ్ళ రెక్సిన్‌కి రంగు నిలవాలంటే

తమ్ముడూ, నువ్వడిగింది ఇది కదా. ధర్మవరంలో మీ నాయన వాడిన 1989 మోడల్ ప్రీమియర్ పద్మిని ఉండాది, ఇంజను, బాడీ అంతా చేయించుకున్నావు, డోర్ల లోపలి రెక్సిన్ ప్యానెళ్ళు మాత్రం బిస్కెట్ రంగు పోయి అద్దం కింద పసుపుగా, చెయ్యి తగిలేచోట నల్లగా అయినాయి. ఒక పెయింటరు ఎమెరీ పేపర్ కొట్టి డ్యూకో, అంటే బండి బాడీ రేకుకి కొట్టే రంగు, వేద్దాం అన్నాడు, ఇంకొకాయన ఆయిల్ పెయింట్ బ్రష్‌తో వేసేయమన్నాడు, నువ్వేమో ఆన్‌లైన్‌లో నల్ల స్ప్రే డబ్బా చూసి పెట్టుకున్నావు. వీటిలో ఏది నిలుస్తాది, ప్రైమర్ కావల్లనా, మళ్ళా పొరలుగా లేస్తాదా అని అడిగినావు.

మూడూ వద్దు. మూడూ ఎందుకొద్దో చెప్తా, అది అర్థమైతే మిగతా పనంతా నీకే తెలిసిపోతాది. నేను అనంతపురంలో సీట్ల పని, లోపలి ట్రిమ్ పని చానా ఏళ్ళుగా చేస్తా ఉన్నా, రంగు ఊడిపోయి మాకాడికి వచ్చిన ప్యానెళ్ళలో రంగు కంపెనీ తప్పు ఉండేది చానా తక్కువ. రెక్సిన్ పైన ఏముందో, లోపల ఏముందో చూసుకోకుండా వేసినవే ఎక్కువ.

రెక్సిన్ అంటే బట్ట మీద అతికించిన పీవీసీ పొర. మన బోరు మోటారుకి వాడే గట్టి పైపు కూడా పీవీసీనే. అది వంగదు, ఇది వంగుతాది, ఎందుకంటే రెక్సిన్‌లో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి రసాయనం కలిపి ఉంటారు, సుమారుగా నూటికి ముప్పై నలభై పాళ్ళ దాకా ఉంటాది. ఈ నూనె పీవీసీతో గట్టిగా కట్టుబడి ఉండదు, వేడికి మెల్లమెల్లగా పైకి వస్తానే ఉంటాది. ఎండలో అద్దాలు మూసి పెట్టిన బండిలో ముందద్దం లోపలి పక్కన జిడ్డు పొర పడతాది చూడు, వేలితో గీస్తే గీత కనపడతాది, దాంట్లో ఎక్కువ భాగం డాష్‌బోర్డు, సీట్లు, డోర్ల నుంచి ఆవిరైన ఈ నూనే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 డిగ్రీలు దాటుతాది, మూసిన బండిలో 60, డాష్‌బోర్డు మీద ఇంకా ఎక్కువ. ముప్పై అయిదేళ్ళు ఇట్ల ఉడికిన రెక్సిన్ నీది.

ఇప్పుడు ఆయిల్ పెయింట్ సంగతి చూడు. ఇంటి కిటికీలకి వేసే సింథటిక్ ఎనామెల్ రెక్సిన్ మీద వేస్తే మొదట బ్రహ్మాండంగా మెరుస్తాది. తర్వాత రెక్సిన్‌లో నూనె ఆ ఎనామెల్ లోకి ఎక్కి దాన్ని ఎన్నటికీ పూర్తిగా ఆరనీయదు. ఒకాయన అట్ల వేయించుకున్న బండి మాకాడికి వచ్చింది, ఎండాకాలంలో చొక్కా మోచెయ్యి డోర్‌కి అతుక్కునేది, దుమ్మంతా పట్టి ప్యానెల్ చెప్పు అడుగులా అయిపోయింది. దాన్ని తీయడానికి కూడా దారి లేదు, తీసే సాల్వెంట్ కింద రెక్సిన్‌ని కూడా తినేస్తాది. ఆ ప్యానెళ్ళకి కొత్త రెక్సిన్ వేయల్సి వచ్చింది.

డ్యూకో అయితే దానికి సరిగ్గా ఎదురు. అది ఆరినాక గట్టిగా, పెళుసుగా ఉంటాది, ఇనుప రేకు మీదకి అది మంచిదే. డోర్ గట్టిగా వేసినప్పుడు, మోకాలు తగిలినప్పుడు రెక్సిన్ లోపలికి నొక్కుకుంటాది, పైన రంగు నొక్కుకోదు, అందుకని సన్న పగుళ్ళు వచ్చి పెచ్చులు లేస్తాయి. ఇంకో నష్టం కూడా ఉండాది, డ్యూకోలో కలిపే ఎన్.సి. థిన్నరు రెక్సిన్ పై పొరని ఉబ్బిస్తాది. ఎమెరీ కొట్టడం అన్నిటికంటే ఘోరం, ఆ తోలులాంటి గీతల డిజైన్ ఉంది కదా, అది ఒక్కసారి అరిగిపోతే మళ్ళా రాదు, ఆ చోటు బోడిగా మెరుస్తా కనపడతాది.

మామూలు స్ప్రే డబ్బా కూడా అదే జాతి, ఇనుముకి, చెక్కకి చేసింది. డబ్బా మీద వినైల్ అని రాసి ఉంటేనే అది వేరే వస్తువు. దాని గురించి కింద చెప్తా.

నాలుగో శత్రువు ఇంకొకటి ఉండాది, దాని పేరు నువ్వు అడగలేదు గానీ నీ బండిలో ఖచ్చితంగా ఉంటాది. డాష్‌బోర్డు పాలిష్. వాటర్ వాష్ చేయించినప్పుడల్లా చివర్లో కుర్రాడు తెల్లటి పాలులాంటిది స్పాంజితో రుద్ది తళతళలాడిస్తాడు చూడు, దాంట్లో చానా మటుకు సిలికాన్ నూనె ఉంటాది. ఆ సిలికాన్ ఉన్నచోట ఏ రంగూ పరుచుకోదు, వేసిన వెంటనే చిన్న చిన్న గుండ్రటి గుంటలుగా పక్కకి జరుగుతాది, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. పైన ఇంకో కోటు వేస్తే కప్పుకుపోతాది అనుకుంటారు, కప్పుకోదు. ఎమెరీ కొడితే పోతాది అనుకుంటారు, ఎమెరీ దాన్ని ఇంకా గీతల లోపలికి తోస్తాది. ఒకే దారి, కడగడం, మళ్ళా కడగడం. అందుకే నేను చెప్పేది ఏమంటే ఈ పనిలో రంగు వేసేది చివరి పూట పని, ముందు పనంతా కడిగేదే.

కడిగే ముందు ఇంకొకటి చూడల్ల, అసలు ఈ రెక్సిన్ రంగుకి పనికొస్తాదా అని. ప్యానెల్ తీసినాక వెనక పక్కకి మడిచి అతికించిన రెక్సిన్ అంచు ఉంటాది, ఆ అంచుని ఒకచోట లేపి వేళ్ళతో మడువు. మడిచినచోట మెత్తగా వంగితే బతికే ఉంది. పటుక్కుమని పగిలితే లోపల నూనె అంతా పోయింది, దానికి రంగు వేసినా రెక్సినే పగులుతాది, రంగు దాన్ని ఆపలేదు. ముందు డోర్ల పై అంచు మాత్రం గట్టిబడి మిగతాది బాగుంటే రంగు వేయొచ్చు, ప్యానెల్ అంతా కుంచించుకుని అంచుల్లోంచి బయటికి లాగేసి ఉంటే వేయొద్దు.

మరి సీట్ల షాపులో కొత్త రెక్సిన్ వేయించేస్తే పోలేదా అంటావు. పోతాది, కానీ పద్మిని ప్యానెళ్ళ మీద నొక్కిన గీతలు చూసినావా, అవి కుట్లు కావు, ఫ్యాక్టరీలో రెక్సిన్‌ని, లోపలి స్పాంజిని వేడితో కలిపి అచ్చు నొక్కినవి. మన ఊళ్ళో ఎవురి దగ్గరా ఆ అచ్చు లేదు. కొత్తది వేస్తే ఆ గీతలు పోతాయి, లేదంటే వాటి బదులు మిషను కుట్టు వస్తాది, అది చూడటానికి బాగానే ఉంటాది గానీ మీ నాయన నడిపిన బండిలా ఉండదు. ఆ బండ్లు ముంబై కుర్లా ఫ్యాక్టరీ నుంచి రావడం ఆగి ఇరవై ఏళ్ళు దాటింది, బాగున్న అసలు ప్యానెల్ దొరకడం కష్టం. అందుకని మెత్తగా వంగే రెక్సిన్ ఉంటే దాన్ని కాపాడుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

ప్యానెల్ బండిలోనే ఉంచి రంగు వేస్తా అనొద్దు. అంచులు రావు, లోపల పొగ నిండుతాది, సీట్ల మీద, అద్దాల మీద సన్న తుంపర పడి గరుకు పడతాది. తీసేయ్. అద్దం తిప్పే హ్యాండిల్ దగ్గర జాగ్రత్త, పాత బండ్లలో రెండు మూడు రకాలుంటాయి. కొన్నిట్లో మధ్యలో స్క్రూ ఉంటాది. కొన్నిట్లో హ్యాండిల్ వెనక ఉన్న గుండ్రటి కప్పుని ప్యానెల్ పక్కకి నొక్కితే అడ్డంగా ఒక పిన్ను కనపడతాది, దాన్ని సన్న పంచ్‌తో తోయల్ల. మారుతి 800 లాంటి వాటిలో గుర్రపు లాడం ఆకారం క్లిప్ ఉంటాది, పాత బట్ట ముక్క హ్యాండిల్ వెనక దూర్చి అటూ ఇటూ లాగితే క్లిప్ ఎగిరి పడతాది, కళ్ళకి అడ్డం పెట్టుకో. అద్దం పూర్తిగా పైకి ఎత్తి ఉన్నప్పుడు హ్యాండిల్ ఏ దిక్కుకి ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకో. చుట్టూ క్లిప్పులు లేపడానికి స్క్రూడ్రైవర్ వద్దు, ప్లాస్టిక్ పట్టీ వాడు, క్లిప్ పక్కనే పెట్టి లేపు, దూరంగా పెట్టి లాగితే క్లిప్ రాదు, హార్డ్‌బోర్డు చిరుగుతాది.

వెనక్కి తిప్పి చూస్తే అసలు కథ తెలుస్తాది. ఈ ప్యానెళ్ళ వెనక ఉండేది హార్డ్‌బోర్డు, నొక్కిన చెక్క పీచు, దానికి నీళ్ళు పడవు. అద్దం పక్క రబ్బరు బీడింగ్ ఎండిపోయి ఉంటే వాననీళ్ళు, వాటర్ వాష్ నీళ్ళు డోర్ లోపలికి దిగుతాయి, దిగడం మామూలే, అందుకే డోర్ అడుగున రంధ్రాలు పెట్టినారు. ఆ రంధ్రాలు మట్టితో మూసుకుపోతే నీళ్ళు లోపలే నిలిచి బోర్డు కింది అంచు ఉబ్బుతాది. సన్న తీగతో ఆ రంధ్రాలు తెరువు. డోర్ రేకుకి, ప్యానెల్‌కి మధ్య ఒక పాలిథీన్ షీటు ఉండల్ల, చానా బండ్లలో ఎవురో మెకానిక్ అద్దం మిషను బాగు చేసేటప్పుడు చింపి పారేసి ఉంటాడు. లేకపోతే మందపాటి పాలిథీన్ కోసి, కింది అంచు డోర్ లోపలి కన్నంలోకి పోయేట్టు పెట్టి అతికించు, నీళ్ళు కారినా డోర్ లోపలే దిగిపోవల్ల. ఇది చేయకుండా ఎంత మంచి రంగు వేసినా వెనకనుంచి తడి ఎక్కి రెక్సిన్ బొబ్బలు లేస్తాది.

బోర్డు కొంచెమే మెత్తబడి ఉంటే నీడలో బరువు పెట్టి ఆరబెట్టి, వెనక పక్క మాత్రం వార్నిష్ రెండు కోట్లు పట్టించు. కింద రెండు మూడు అంగుళాలు పొడి పొడిగా రాలతా ఉంటే ఆ బోర్డు పోయినట్టే. రెక్సిన్‌ని మెల్లగా విడదీసి, పాత బోర్డుని నమూనాగా పెట్టి 3 ఎం.ఎం. కొత్త బోర్డు కోయించి, కాంటాక్ట్ గమ్‌తో తిరిగి అతికించొచ్చు. ఓపిక కావల్ల, సీట్ల పని బాగా తెలిసిన మనిషితో చేయించుకో.

ఇప్పుడు కడగడం. ముందే చెప్తా ఉన్నా, హార్డ్‌బోర్డు ప్యానెల్‌ని పైపు కింద పెట్టొద్దు, బకెట్లో ముంచొద్దు. గుడ్డ, మెత్తటి బ్రష్, తక్కువ నీళ్ళు. మొదట పొడిగా దుమ్ము దులుపు, వ్యాక్యూమ్ ఉంటే గీతల్లోకి పట్టు. తర్వాత గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో గుండ్రంగా తిప్పతా అడుగు అడుగు చొప్పున తోము, నురుగుని వెంటనే తడిపిండిన గుడ్డతో తుడువు. చెయ్యి ఆనించేచోట, లాగే హ్యాండిల్ చుట్టూ చెమట, తలనూనె ఏళ్ళ తరబడి పట్టి ఉంటాది, అక్కడ నాలుగైదు సార్లయినా తోమల్ల. కార్ లోపలికి అమ్మే ఆల్ పర్పస్ క్లీనర్ ఉంటే ఇక్కడ వాడు.

సబ్బు అయినాక సిలికాన్ సంగతి. పెయింట్ అంగళ్ళలో వ్యాక్స్ అండ్ సిలికాన్ రిమూవర్ అని అమ్ముతారు, బాడీ పెయింటింగ్ చేసే వాళ్ళు వాడేదే. రెండు తెల్ల గుడ్డలు పెట్టుకో, ఒకటి తడిపి తుడిచేది, ఇంకొకటి అది ఆరకముందే వెంటనే పొడిగా తీసేది. ఒకే గుడ్డతో చేస్తే మురికిని ఇక్కడినుంచి అక్కడికి జరిపినట్టే. గుడ్డ మడత మార్చుకుంటా పో, గుడ్డకి మురికి రాని దాకా పో. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తేలిగ్గా తుడిచేయ్. పెట్రోలు, అసిటోన్, ఎన్.సి. థిన్నరు మాత్రం తాకించొద్దు, రెక్సిన్ జిగురుగా మారి గుడ్డకి రంగు ఊడి వస్తాది. ఇక్కడినుంచి వట్టి చేత్తో ముట్టుకోవద్దు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకో, వేలిముద్ర ఉన్నచోట కూడా రంగు లేస్తాది.

నీళ్ళ గురించి ఒక మాట, ఇది మన జిల్లా వాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవల్సింది. మన బోరు నీళ్ళు ఉప్పు నీళ్ళు, బకెట్ మీద తెల్లగా గట్టిన పొర చూస్తానే ఉంటాం. ఆ నీళ్ళతో తుడిచి అట్లే ఆరనిస్తే రెక్సిన్ గీతల్లో అదే ఉప్పు సన్నగా మిగులుతాది, కంటికి కనపడదు, రంగు దాని మీద కూర్చుంటాది గానీ రెక్సిన్ మీద కూర్చోదు. ఆఖరి తుడుపులు ఫిల్టర్ నీళ్ళతోనో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనో చేయి. ఖర్చు ఏముంది దాంట్లో.

కడిగింది చాలా లేదా అని తెలుసుకోవడానికి ప్యానెల్ నిలబెట్టి అదే డిస్టిల్డ్ వాటర్ సన్నగా చిలకరించు. నీళ్ళు పల్చటి పొరగా పరుచుకుంటే శుభ్రం. అక్కడక్కడ ముత్యాల్లా గుండ్రంగా నిలబడితే ఆ చోట జిడ్డో సిలికానో ఇంకా ఉంది, మళ్ళా మొదలు పెట్టు. ఈ పరీక్షలో అన్ని ప్యానెళ్ళూ మొదటిసారే పాసయ్యేది అరుదు, విసుగు పడొద్దు. తర్వాత ఒక రాత్రంతా నీడలో ఆరనీ, లోపల స్పాంజిలో తడి ఉంటే రంగు కింద ఆవిరై బొబ్బ కడతాది.

చిన్న చిరుగులు, స్పీకర్ కోసం ఎవురో కోసిన రంధ్రాలు ఉంటే రంగుకి ముందే చూసుకో. సన్న చీలికకి వెనక నుంచి పల్చటి బట్ట ముక్క అతికించి, పైన లెదర్, వినైల్‌కి అమ్మే మెత్తటి ఫిల్లర్ సన్నగా పూయల్ల, బాడీ పుట్టీ పెట్టొద్దు, అది రాయిలా గట్టిపడి అంచుల దగ్గర విడిపోతాది. ఫిల్లర్ పూర్తిగా ఆరకముందే పాత రెక్సిన్ ముక్కని తిరగేసి దాని మీద నొక్కితే గీతల డిజైన్ కొంత వరకు వస్తాది. పూర్తిగా మాయం కాదు, కంటికి కొట్టినట్టు మాత్రం కనపడదు.

రంగు దగ్గరికి వస్తాం. నీకు కావల్సింది రెక్సిన్‌తో పాటు వంగే రంగు. రెండు రకాలు. ఒకటి సాల్వెంట్ రకం, వినైల్ కోటింగ్ లేదా వినైల్ డై అని అమ్ముతారు, డై అన్నా అది లోపలికి ఇంకే అద్దకం కాదు, పల్చటి పెయింటే. అందులో ఉండే సాల్వెంట్లు రెక్సిన్ పై పొరని తగినంత వరకు మెత్తబరిచి దాంతో కలిసిపోతాయి, అందుకే విడిగా పొరలా లేవదు. అమెరికాలో ఈ పని చేసేవాళ్ళు సెమ్ కంపెనీ కలర్ కోట్ ఎక్కువగా వాడతారు. రెండోది నీళ్ళలో కలిసే పీయూ రంగు, లెదర్ సోఫాలకి, కారు సీట్లకి వాడేది, పాలియురెథేన్ బైండరులో పిగ్మెంట్ కలిపి ఉంటాది, కొన్నిట్లో క్రాస్‌లింకర్ అని చిన్న సీసా వేరేగా ఇస్తారు, అది కలిపితే రాపిడికి ఎక్కువ ఓర్చుకుంటాది, కలిపినాక కొద్ది గంటల్లో వాడేయల్ల. ఇంట్లో చేసుకునే నీలాంటి వాళ్ళకి నేను రెండోదే చెప్తా. వాసన తక్కువ, స్ప్రే గన్ను లేకపోయినా స్పాంజితో మొదలు పెట్టొచ్చు, తప్పు పోతే ఆరకముందు తడిగుడ్డతో తుడిచేయొచ్చు. మనకి దగ్గర బెంగుళూరే, జె.సి. రోడ్డులో సీట్ల సామాన్లు అమ్మే అంగళ్ళలో అడుగు, లేదంటే మద్రాసు పెరియమెట్‌లో తోలు వ్యాపారం ఉంది, లెదర్ ఫినిష్ రసాయనాలు అమ్మేవాళ్ళు అక్కడ దొరుకుతారు. నాలుగు డోర్లకి అర లీటరు చాలు, ఒకేసారి కొను, సగం ఇప్పుడు సగం తర్వాత కొంటే షేడు తేడా వస్తాది.

ప్రైమర్ అడిగినావు. మెత్తటి రెక్సిన్‌కి బాడీ ప్రైమర్ అస్సలొద్దు, అది మందంగా కూర్చుని గీతలు పూడ్చేస్తాది, వంగదు. నువ్వు కొన్న పీయూ రంగు కంపెనీయే దాంతోపాటు అతుకు పట్టే బేస్ కోటు ఇస్తే అది వాడు, వాళ్ళు చెప్పకపోతే శుభ్రతే ప్రైమర్. గట్టి ప్లాస్టిక్ ముక్కలకి మాత్రం కథ వేరే. ఆర్మ్‌రెస్ట్ కప్పు, చిన్న ట్రిమ్ ముక్కలు వెనక్కి తిప్పి చూడు, కొత్త బండ్లలో పీపీ (పాలీప్రొపైలీన్), ఏబీఎస్ అని ప్లాస్టిక్ రకం పేరు అచ్చు ఉంటాది, పాతవాటిలో ఉండకపోవచ్చు. అచ్చు లేకపోతే విరిగిన ముక్కని నీళ్ళలో వేయి, పీపీ తేలుతాది, ఏబీఎస్, పీవీసీ మునుగుతాయి. పీపీ మీద ఏ రంగూ తనంతట తాను నిలవదు, అడ్హీషన్ ప్రమోటర్ అని ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా వేసి, డబ్బా మీద చెప్పిన టైములోపల రంగు వేయల్ల.

రంగు ఎంపికలో నా సలహా, నలుపు వద్దు. మన ఎండకి నలుపు ఎక్కువ వేడి పీల్చుకుంటాది, లోపల రెక్సిన్ ఇంకా తొందరగా ఎండుతాది, అదీ కాక చిన్న గీత పడినా కింద బిస్కెట్ రంగు తెల్లగా కనపడతాది. అసలు రంగే వేస్తే అరిగినా తెలియదు. అసలు రంగు ఏదో తెలియాలంటే హ్యాండిల్ కప్పు కింద గుండ్రంగా ఎండ తగలని చోటు ఉంటాది చూడు, వెనక్కి మడిచిన అంచు కూడా, ఆ రంగే ఫ్యాక్టరీ రంగు. తెలుపులో కొంచెం పసుపు, బ్రౌన్, చుక్క నలుపు కలుపుకుంటా పో, పగటి వెలుతురులో చూడు, ట్యూబ్‌లైట్ కింద కాదు. ప్రతిసారీ ఒక చుక్క పూసి ఆరబెట్టి పోల్చు, నీళ్ళ రంగు తడిగా ఉన్నప్పుడు లేతగా కనపడి ఆరినాక ముదురుతాది. మెరుపు కూడా చూసుకో, ఫ్యాక్టరీ రెక్సిన్ ఎప్పుడూ అద్దంలా మెరవదు, శాటిన్ లేదా మ్యాట్ టాప్ కోటు తీసుకో. రంగు ఎంత బాగా కుదిరినా గ్లాస్ మెరుపు ఉంటే రంగు వేసినారని దూరం నుంచే తెలుస్తాది.

ఎప్పుడు వేయల్ల అనేది మన ఊర్లో పెద్ద ప్రశ్న. మే నెలలో గన్నులోంచి బయటికొచ్చిన తుంపర ప్యానెల్ చేరకముందే ఆరిపోతాది, చెయ్యి పెడితే ఇసక పూసినట్టు గరుకుగా ఉంటాది. ఆషాఢం గాలి మొదలైందంటే ఎంత తలుపులు మూసినా ఎర్రమట్టి దుమ్ము లోపలికి వస్తాది. వాన ముసురు పట్టిన రోజు సాల్వెంట్ రంగు అయితే తెల్లగా మసకబారుతాది. కార్తీకం నుంచి మాఘం దాకా, పొద్దున ఏడు తర్వాత పదిలోపల, 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, గాలి లేని వరండాలో, ముందు నేల తడిపి దుమ్ము అణచి వేయి. ఫ్యాను ఆపేయ్.

నాలుగు ప్యానెళ్ళ మీద ఒకేసారి పడొద్దు. మొదట వెనక డోర్ కింది మూల అరచెయ్యంత మేర వేసి చూడు. రెండు రోజులు ఆరనిచ్చి మాస్కింగ్ టేపు గట్టిగా అతికించి సర్రున లాగు, గోరుతో గీకు. టేపుకి రంగు వస్తే ఇంకా జిడ్డు ఉంది, ఆ కొంచెం రంగు తీసేసుకుని మళ్ళా కడుగు. ఈ రెండు రోజులు ఆగలేక చానామంది మొత్తం పని రెండోసారి చేసుకుంటారు.

వేసేటప్పుడు క్రోమ్ బీడింగ్ ఉంటే మాస్కింగ్ టేపు వేసి, రంగుని నైలాన్ గుడ్డలో వడగట్టి పోసుకో. చిన్న టచప్ గన్ను, 0.8 లేదా 1 ఎం.ఎం. నాజిల్, 25 నుంచి 30 పి.ఎస్.ఐ. గాలి చాలు. ప్యానెల్‌కి జానెడు దూరం. మొదటి కోటు మంచు పడినట్టు పల్చగా, కింద పాత రంగు కనపడతానే ఉండల్ల, అది చూసి భయపడి ఇంకొంచెం ఇంకొంచెం అని కొట్టొద్దు. అది ఆరినాక రెండోది, అడ్డంగా ఒకటి నిలువుగా ఒకటి, నాలుగైదు పల్చటి కోట్లలో కప్పుకుంటాది. మధ్యలో పది పదిహేను నిమిషాలు, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి తిప్పితే ఇంకా బాగు. గన్ను లేకపోతే దట్టమైన స్పాంజితో అద్దినట్టు వేయి, లాగినట్టు పూయొద్దు, గీతలు పడతాయి. ఒక్క మందపాటి కోటుతో పని ముగించాలనుకుంటే గీతల డిజైన్ పూడిపోయి ప్లాస్టిక్ బొమ్మలా కనపడతాది, పైగా అట్ల వేసిందే మొదట పగులుతాది. రంగు అయినాక టాప్ కోటు రెండు పల్చగా, చెయ్యి ఆనించే భాగానికి మూడు.

సాల్వెంట్ రకం వాడితే బట్ట మాస్కు పనికిరాదు, ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు పెట్టుకో, పొయ్యి, బీడీ, ఇన్వర్టర్ దగ్గర్లో ఉండొద్దు, స్ప్రే డబ్బాల్లో తోసే గ్యాసు కూడా మండేదే. ఎవురైనా హార్డనర్ కలిపే టూ-కే బాడీ పెయింట్‌లో ఫ్లెక్స్ అడిటివ్ (రంగు వంగేట్టు చేసే రసాయనం) వేసి కొట్టిస్తా అంటే అది నిలుస్తాది గానీ ఆ హార్డనర్‌లో ఐసోసయనేట్ ఉంటాది, ఊపిరితిత్తులకి చానా చెడ్డది, సరైన పెయింట్ బూత్, గాలి సరఫరా మాస్కు ఉన్నచోటే చేయల్ల, ఇంటి వరండాలో పిల్లలు తిరిగేచోట వద్దే వద్దు. నీళ్ళ రకానికి వాడే క్రాస్‌లింకర్ సీసా కూడా ఏ రసాయనమో చదివి, గన్నుతో కొట్టేట్టయితే అంతే జాగ్రత్త పడు.

చేత్తో ముట్టుకుంటే గంటలో ఆరినట్టే ఉంటాది, కానీ బిగించడానికి కనీసం ఒక రోజు ఆగు, పూర్తిగా గట్టిపడటానికి వారం. ఆ వారం అద్దాలు మూసి ఎండలో పెట్టొద్దు, డోర్ రబ్బరు బీడింగ్ కొత్త రంగుకి అతుక్కోకుండా ప్యానెల్ అంచున కొంచెం టాల్కం పౌడరు రాయి. హ్యాండిల్ కప్పు బిగించేటప్పుడు కింద పల్చటి ప్లాస్టిక్ వాషర్ పెట్టు, లేకపోతే తిప్పిన ప్రతిసారీ గుండ్రంగా రంగు అరుగుతాది.

ఇక తర్వాత డాష్‌బోర్డు పాలిష్ జోలికి పోవద్దు, వాటర్ వాష్ కుర్రాడికి ముందే చెప్పు డోర్లకి ఏమీ రాయొద్దని. తడిపిండిన మైక్రోఫైబర్ గుడ్డ చాలు, మరకుంటే చుక్క సబ్బు. ముందద్దానికి లోపల సన్‌షేడ్ పెట్టు, నీడలో నిలుపు, అద్దాలు వేలెడు దించి పెట్టు. డ్రైవర్ పక్క చెయ్యి ఆనించేచోట ఎప్పటికైనా ముందు అరుగుతాది, దానికోసం మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలో నిండా పోసి, గాలి లేకుండా మూసి, పైన తేదీ, కలిపిన పాళ్ళు రాసి పెట్టుకో, క్రాస్‌లింకర్ కలపనిదే దాచు. అరిగినప్పుడు ఆ అరచెయ్యంత మేర మళ్ళా కడిగి స్పాంజితో రెండు అద్దులు అద్దితే కలిసిపోతాది.

కొనే ముందు ఒక్క ప్యానెల్ తీసి వెనక బోర్డు, మడిచిన అంచు ఫోటోలు పెట్టు. బోర్డు చూస్తే ఏది రంగుకి పనికొస్తాదో, ఏదానికి కొత్త బోర్డు కావల్లనో చెప్తా.